కత్తెర పడని వైరస్



గూడూరు మండలంలో ఎయిడ్స్ గురించి మాట్లాడటానికి ఎవరు వెళ్లినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. సభలో రాదు. సభ అయిపోయి కుర్చీలు మడత పెడుతున్నప్పుడు ఎవరో ఒకరు పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు: "సారూ, ఆ మందులు వేసుకుంటే పురుగు సస్తదా?" తన కోసం అడుగుతున్నానని ఎవరూ అనరు. ఎప్పుడూ చుట్టాలలో ఒకరి కోసమే. అడిగినవాళ్లు ఎవరైనా ప్రశ్న మాత్రం చాలా మంచిది. దానికి సరైన జవాబు చెప్పాలంటే వైరస్ ఎలా తయారవుతుందో మొత్తం చెప్పుకోవాలి. ఇవాళ ఆ పనే చేద్దాం.

ముందు జవాబు చెప్పేస్తాను. పురుగు చావదు. ఒంట్లో ఒకసారి పాతుకున్న హెచ్ఐవిని పూర్తిగా తుడిచేసే మందు ఇప్పటికీ లేదు. అయినా మందు సరిగ్గా వేసుకునే మనిషి మామూలు ఆయుష్షుకు దగ్గరగా బతుకుతాడు, పొలం పనికి పోతాడు, పిల్లల పెళ్లిళ్లు చేస్తాడు, ఇంటావిడకు జబ్బు అంటించడు. పురుగు చావకుండానే ఇదంతా ఎలా కుదురుతుంది? మూడు ఎంజైముల వల్ల. అవి మన ఎంజైములు కావు, వైరస్ తనతో మోసుకొచ్చేవి. వాటిని ఆపితే వైరస్ పుట్టినా పనికి రాదు, పనికొచ్చినా మరో కణంలో నిలవలేదు.

ఆ ఎంజైముల్లోకి వెళ్లే ముందు, ప్రశ్న పుట్టిన చోటు గురించి రెండు మాటలు. నర్సంపేట నుంచి మహబూబాబాద్ వెళ్లే దారిలో, పాకాల అడవులకు దగ్గరగా ఉండే గూడూరు మండలంలో తండాలు ఎక్కువ. పత్తి, మిర్చి పండుతాయి, చేను పని లేని నెలల్లో వలస పోయేవారూ ఉంటారు. 2016లో మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా ఇదంతా వరంగల్ జిల్లాయే. హెచ్ఐవిని అదుపులో పెట్టే ఏఆర్టీ మందుల కోసం జనం బస్సెక్కి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయేవారు. 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశంలో హెచ్ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉండేది. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అంతకుముందు ఆ మందులు కొనుక్కోవాలంటే భూమి అమ్ముకోవాల్సిందే.

ఇక వైరస్ దగ్గరకు వద్దాం.

హెచ్ఐవి కణం ఎంత చిన్నదంటే, వందను వరసగా పేర్చినా తల వెంట్రుక మందంలో ఏ ఐదో వంతు దగ్గరో ఆగిపోతాయి. పైన కొవ్వు పొర, దాని లోపల ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా ఉండే శంకువు లాంటి తొడుగు. ఆ తొడుగులో రెండు ఆర్‌ఎన్‌ఏ పోగులుంటాయి. ఒక్కో పోగులో దాదాపు 9,700 అక్షరాల రాత. మన ఒంటి రాత మూడు వందల కోట్ల అక్షరాలు. అంత చిన్న రాత మనల్ని ముప్పుతిప్పలు పెట్టిందంటే, అందులో ఏ అక్షరమూ వృథాగా లేదన్నమాట. ఆ పోగులతో పాటు మూడు ఎంజైములు కూడా సర్దుకుని వస్తాయి: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్, ప్రోటియేజ్. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఎవరు ఏ పని చేస్తారో గుర్తుంటే చాలు.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ పని తిరగరాయడం. మన కణాల్లో రాత డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకి పోతుంది. ఈ ఎంజైమ్ దాన్ని వెనక్కి తిప్పి, ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాస్తుంది. అలా జరుగుతుందని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు వేర్వేరు ప్రయోగశాలల్లో చూపించారు. అప్పటికి ఎయిడ్స్ అనే మాటే లేదు. వాళ్లు చూస్తున్నది జంతువులకు గడ్డలు తెచ్చే వైరస్‌లను. 1975లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగాలు జరిగిన పదమూడేళ్లకు, 1983లో, పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మాంటానియే బృందం ఒక రోగి లింఫ్ కణుపు నుంచి కొత్త వైరస్‌ను వేరు చేశారు. అందులో ఏముందో వాళ్లు పట్టుకున్నది కూడా ఈ ఎంజైమ్ చురుకుదనాన్ని కొలిచే. గడ్డల వైరస్‌ల మీద పరిశోధన అంతకుముందే జరిగి ఉండకపోతే, ఎయిడ్స్ కారణం తెలియడానికి ఎన్నేళ్లు పట్టేదో.

ఈ తిరగరాసే ఎంజైమ్‌కు ఒక దుర్గుణం ఉంది: తప్పులు రాస్తుంది, రాసినదాన్ని సరిచూసుకోదు. కొత్తగా రాసిన ప్రతి కొన్ని ప్రతుల్లో ఏదో ఒక అక్షరం మారిపోతుంది. మందు తీసుకోని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడతాయి. అన్ని కోట్లలో ఎక్కడో ఒకచోట మనం వాడే మందుకు లొంగని తప్పు పుట్టడం వింతేమీ కాదు. ఒకే మందు ఇస్తే వైరస్ కొన్నాళ్లకు తప్పించుకోవడానికి, మూడు మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఇదే. మూడింటికీ ఒకేసారి లొంగని తప్పులు ఒకే ప్రతిలో పడటం చాలా అరుదు.

ఈ ఎంజైమ్‌ను ఆపే మొదటి మందు ఏజెడ్‌టి, అంటే జిడోవుడిన్. 1964లో క్యాన్సర్ కోసం తయారుచేసి, పనిచేయక పక్కన పడేసిన పదార్థం అది. 1987లో ఎయిడ్స్‌కు మొదటి మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. ధర చూసి అమెరికావాళ్లే వీధుల్లోకి వచ్చారు. ఆ మందు మన దేశంలో తయారైన కథలో హైదరాబాద్ ఉంది. తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు, ఐఐసిటి అంటారు, అప్పుడు డైరెక్టర్ డాక్టర్ ఎ. వి. రామారావు. గుంటూరు మనిషి. ఏజెడ్‌టిని తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతి ఆయన బృందం తయారుచేసింది, సిప్లా కంపెనీ 1993లో ఆ మందును మన మార్కెట్‌లోకి తెచ్చింది. ఒక ఎంజైమ్‌ను ఆపే కెమిస్ట్రీ మన ఊళ్లో మన భాష మాట్లాడేవాళ్ల చేతుల మీదుగా నడిచిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

రెండో ఎంజైమ్ ఇంటిగ్రేజ్. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ రాసిన డీఎన్‌ఏను తీసుకెళ్లి, మన తెల్లకణం కేంద్రకంలో ఉన్న మన సొంత డీఎన్‌ఏలో కోసి అతికిస్తుంది. అతికాక దాన్ని విడదీయడం మన వల్ల కాదు. ఆ కణం బతికినంతకాలం ఆ రాత అందులో ఉంటుంది. కొన్ని కణాలు ఏళ్ల తరబడి నిద్రపోతాయి. నిద్రపోయే కణంలో వైరస్ తయారీ లేదు గనుక మందుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మందు మానేసిన కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ తలెత్తేది అక్కడి నుంచే. "పురుగు సస్తదా" అన్న ప్రశ్నకు "చావదు" అని చెప్పడానికి అసలు కారణం ఈ అతుకు.

ఇంటిగ్రేజ్‌ను ఆపే మొదటి మందు రాల్టెగ్రావిర్ 2007లో వచ్చింది. డోలుటెగ్రావిర్ 2013లో. ఇవాళ మన ఏఆర్టీ కేంద్రాల్లో కొత్తగా చేరిన పెద్దవారికి సాధారణంగా ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. రోజుకు ఒక్కటే. మొదటి రెండూ తిరగరాసే ఎంజైమ్ మీద, మూడోది అతికించే ఎంజైమ్ మీద పనిచేస్తాయి.

మూడోది ప్రోటియేజ్. నా మాటల్లో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తాను, ఎందుకంటే ఒక వైరస్ కణం అంటుకునేదా, ఉత్తిదా అని తేల్చేది ఇదే.

అతికిన రాతను మన కణం చదివి వైరస్ ప్రోటీన్లను తయారుచేయడం మొదలుపెడుతుంది. విచిత్రం ఏమిటంటే వైరస్ లోపలి భాగాలను కట్టేవి విడివిడిగా తయారు కావు. గ్యాగ్ అనే ఒకే పొడవాటి ప్రోటీన్‌గా తయారవుతాయి. దర్జీ దగ్గర ఒకే తాను బట్ట మీద చేతులు, కాలరు, వీపు అన్నీ సుద్దగీతలు గీసి వరసగా ఉన్నట్టు, గ్యాగ్‌లో పై పొర కింద ఉండే భాగం, శంకువు కట్టే భాగం, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే భాగం ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. గీతల మీద కత్తెర పడేదాకా అది చొక్కా కాదు. ఆ కత్తెర ప్రోటియేజ్. కత్తెర కూడా ఆ తాను మీదే ఉండటం ఇందులో గమ్మత్తు. గ్యాగ్ చదివే యంత్రం దాదాపు ఇరవై సార్లలో ఒకసారి ఒక అక్షరం వెనక్కి జారుతుంది. జారినప్పుడు ఆగవలసిన చోట ఆగకుండా ముందుకు పోయి మరింత పొడవైన ప్రోటీన్ తయారుచేస్తుంది. మూడు ఎంజైములూ ఆ అదనపు భాగంలో ఉంటాయి. అందుకే వైరస్‌లో కట్టడానికి సరుకు వేలల్లో, ఎంజైములు దాని ఇరవయ్యో వంతు. ఆ జారుడును ఎక్కువ చేసినా తక్కువ చేసినా వైరస్ దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది.

సుమారు రెండు వేల నాలుగు వందల గ్యాగ్ ప్రోటీన్లు కణం లోపలి అంచుకు చేరి, బయటికి ఉబ్బి, మొగ్గ తొడిగి, తెగిపోతాయి. ఇలా బయటపడ్డ వైరస్ కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే గుండ్రంగా, మధ్యలో ఖాళీతో ఉంటుంది. శంకువు కనబడదు. అది అంటుకోలేదు. ప్రోటియేజ్‌లో సగం ముక్కే ఒక్కో పొడవైన ప్రోటీన్‌లో ఉంటుంది, తొంభై తొమ్మిది అమైనో ఆమ్లాలది. రెండు సగాలు కలిస్తేనే కత్తెర. మొగ్గ తొడిగే సమయంలో ఇరుకున పడి ఆ సగాలు కలుస్తాయి, ముందు తమను తామే కోసుకుని విడిపించుకుంటాయి, తర్వాత గ్యాగ్ మీద పడతాయి. గీతలన్నీ ఒకేసారి కోయవు. ఒక వరస ఉంది. మొదట ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే భాగం పక్కన, చివర శంకువు భాగం పక్కన. ఆ చివరి కోత పడ్డాకే సుమారు 1,500 ముక్కలు కూడి శంకువు కడతాయి. ఆరేసి ముక్కల పలకలు రెండు వందల యాభై దాకా, ఐదేసి ముక్కల పలకలు సరిగ్గా పన్నెండు. అప్పటికి గానీ వైరస్ పక్వానికి రాదు.

కత్తెర తీసేస్తే ఏమవుతుందో 1988లో మెర్క్ కంపెనీ ప్రయోగశాలలో చేసి చూశారు. నాన్సీ కోల్, ఇర్వింగ్ సిగల్, మరి కొందరు. ప్రోటియేజ్‌లో ఇరవై ఐదో స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చారు. కణాల నుంచి వైరస్‌లు ఎప్పటిలాగే పుట్టుకొచ్చాయి. సంఖ్య తగ్గలేదు. కాని వాటిలో ఒక్కటీ మరో కణాన్ని అంటలేదు. గ్యాగ్ కోత పడకుండా నిండుగా ఉండిపోయింది. తొమ్మిది వేల ఏడు వందల అక్షరాల్లో ఒక చిన్న దిద్దుబాటుకు అంత ఫలితం. మందుల కంపెనీలు ఆ పత్రం చదివి ప్రోటియేజ్ వెంట పడ్డాయి. ప్రోటియేజ్‌ను ఆపే మందు రావడం ఇర్వింగ్ సిగల్ చూడలేదు. అదే ఏడాది డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద బాంబు పేలి కూలిన పాన్ యామ్ విమానంలో ఆయనా ఉన్నారు.

1989లో ఆ కత్తెర ఆకారం తేలింది. అదృష్టవశాత్తూ దాని కుటుంబం కొత్తది కాదు. రక్తపోటును పెంచే రెనిన్ అనే మన ఎంజైమ్ కూడా ఆ కుటుంబానిదే. రక్తపోటు మందు కోసం రెనిన్‌ను ఆపాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన రసాయన శాస్త్రవేత్తల దగ్గర సిద్ధంగా ఉన్న పరిజ్ఞానం ఎయిడ్స్‌కు పనికొచ్చింది. 1995 డిసెంబర్‌లో సాక్వినావిర్, 1996 మార్చిలో రిటోనావిర్, ఇండినావిర్ వచ్చాయి. వాటిని మిగతా మందులతో కలిపి ఇవ్వడం మొదలైన తర్వాత, 1997లో అమెరికాలో ఎయిడ్స్ చావులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. మన కేంద్రాల్లో రెండో దశ చికిత్సగా ఇచ్చే అటజనావిర్, లోపినావిర్ ఈ జాతివే. మొదటి మాత్ర పనిచేయడం మానేసినవారు వీటి పేర్లు వినే ఉంటారు.

ఒక ముఖ్యమైన సంగతి. ప్రోటియేజ్‌ను పూర్తిగా ఆపనక్కరలేదు. కోత పడని ముక్కలు కొద్దిపాటిగా కలిసినా మొత్తం శంకువు చెడిపోతుంది. నూటికి నూరు కోతలూ పడ్డ కణానికి, కొన్ని కోతలు తప్పిన కణానికి మధ్య అంటుకునే శక్తిలో తేడా ఎన్నో రెట్లు. అందుకే ఈ మందులకు ఇంత బలం.

ఇక్కడ నాకు ఇష్టమైన ఒక లెక్క ఉంది. 1996లో అలన్ పెరెల్సన్ అనే గణిత శాస్త్రవేత్త, డేవిడ్ హో అనే వైద్యుడు, వారి సహచరులు కలిసి ఐదుగురు రోగులకు రిటోనావిర్ ఇచ్చి, రక్తంలో వైరస్ ఎంత వేగంగా పడిపోతుందో మొదట్లో కొన్ని గంటలకోసారి, తర్వాత రోజూ కొలిచారు. మందు వేసుకున్నాక కూడా వైరస్ కణాలు పుడుతూనే ఉన్నాయి, కాకపోతే పనికిరానివి. ఆ పనికిరానివాటిలోనూ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది గనుక పరీక్షలో అవీ లెక్కకొస్తాయి. అంటుకునే కణాలు తరిగే తీరు, ఉత్తి కణాలు పెరిగి తరిగే తీరు రెండింటినీ సమీకరణాల్లో పెట్టి చూస్తే, వైరస్ సోకిన తెల్లకణం సుమారు రెండు రోజులే బతుకుతుందని, రక్తంలోని వైరస్‌లో సగం ఆరు గంటల్లో తుడిచిపెట్టుకు పోతుందని, రోజుకు వెయ్యి కోట్లు పుడుతున్నాయని బయటపడింది. అంతకుముందు చాలామంది, సోకాక లక్షణాలు కనబడని తొలి ఏళ్లలో వైరస్ నిద్రపోతుందని అనుకునేవారు. అది నిద్ర కాదు, రోజూ యుద్ధం. ఒక ఎంజైమ్‌ను ఆపి చూస్తే గానీ ఆ సంగతి తెలియలేదు.

ఇంటిగ్రేజ్‌కు మరో పని కూడా ఉందని తర్వాత తెలిసింది. అతికించడమే దాని ఉద్యోగం అనుకుంటూ చాలా ఏళ్లు గడిపాం. కొత్త వైరస్ కణం పక్వానికి వస్తున్నప్పుడు ఇంటిగ్రేజ్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని శంకువు లోపలికి సర్దుతుందని 2016లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆ పట్టు తప్పిస్తే శంకువు కడుతుంది, కాని ఆర్‌ఎన్‌ఏ బయటే ఉండిపోతుంది. బయట ఉన్న ఆర్‌ఎన్‌ఏ తర్వాతి కణంలోకి వెళ్లాక నిలవలేక పాడైపోతుంది. ఈ పట్టు మీద పనిచేసే కొత్త మందుల కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. మన కణాల ఎంజైములను కూడా వైరస్ వాడుకుంటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆనంద్ కొండపి బృందం, మన డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్‌కు హెచ్ఐవితో ఉన్న సంబంధం మీద చాలా ఏళ్లు పనిచేసింది.

నేరేడు చెట్టు సంగతి కూడా చెప్పాలి, ఎవరైనా ఎక్కడో సగం విని ఆకు నూరి తాగక ముందే. నేరేడు జాతికే చెందిన, తైవాన్‌లో పెరిగే ఒక చెట్టు ఆకుల్లో బెటులినిక్ ఆమ్లం ఉందని, అది ప్రయోగశాలలో హెచ్ఐవిని అడ్డుకుంటుందని 1994లో ప్రచురించారు. దాన్ని మార్చి బెవిరిమాట్ అనే పదార్థం చేశారు. అది ప్రోటియేజ్ జోలికి పోదు. శంకువు పక్కన పడే చివరి కోత ఒక్కటి పడకుండా ఆ గీతను కప్పేస్తుంది. ఊహ బాగుంది, మనుషుల్లో పరీక్షలు కూడా చేశారు. కాని చాలామందిలో ఉండే వైరస్‌కు ఆ గీత దగ్గర అక్షరాలు సహజంగానే తేడాగా ఉండటంతో మందు పనిచేయలేదు. 2010 ప్రాంతంలో దాన్ని వదిలేశారు. మన ఇంటి వెనక నేరేడు ఆకుకు ఈ పనితో సంబంధం లేదు. ఏఆర్టీ మానేసి ఆకు పసరుకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారి కథలు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ రోజూ వేసుకునే మాత్ర దగ్గరకు. మాత్ర రోజూ వేసుకుంటే ఎంజైములు ఎప్పుడూ కట్టేసినట్టు ఉంటాయి, కొత్త ప్రతులు పుట్టవు, ప్రతులు పుట్టనప్పుడు తప్పులూ పుట్టవు. పెళ్లికి పోయి నాలుగు రోజులు, మేడారం జాతరకు పోయి వారం మానేస్తే రక్తంలో మందు పలచబడుతుంది. పూర్తిగా లేకపోవడం కంటే పలచగా ఉండటం కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదం. వైరస్ రాసుకుంటూ ఉంటుంది, మందుకు లొంగని తప్పు రాసిన ప్రతే మిగిలి పెరుగుతుంది. ఒకప్పుడు మనం ఎక్కువగా ఇచ్చిన నెవిరపిన్, ఎఫావిరెంజ్ మందులకు ఒకే ఒక్క మార్పుతో వైరస్ లొంగకుండా పోయేది. డోలుటెగ్రావిర్ విషయంలో అది అంత సులువు కాదు, అందుకే దాన్ని ముందుకు తెచ్చారు. సులువు కాదంటే అసాధ్యమని కాదు. జాతరకు పోయేటప్పుడు సంచిలో బట్టలతో పాటు మాత్రల సీసా కూడా పెట్టుకోండి.

మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. ఇదీ ఉచితమే. ఆ అంకె కనబడని స్థాయికి పడి, అక్కడే ఉంటే లైంగిక సంబంధం ద్వారా ఆ మనిషి నుంచి మరొకరికి సోకదు. ఇది ఊరడింపు మాట కాదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలను యూరప్‌లో ఏళ్ల తరబడి గమనించిన పార్ట్‌నర్ అధ్యయనం, 2016లో ఫలితాలు ప్రకటించే నాటికి, నిరోధ్ లేకుండా జరిగిన 58 వేల కలయికలను లెక్కించింది. చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. గర్భిణి విషయంలో కూడా అంతే పెద్ద తేడా ఉంది. చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా. చికిత్స ఉంటే ఐదు కంటే తక్కువ. అందుకే గర్భిణులందరినీ హెచ్ఐవి పరీక్ష చేయించుకోమని అడుగుతారు. ఎవరి నడవడి మీదా అనుమానంతో కాదు. ఏఎన్ఎం అక్క అడిగినప్పుడు అత్తగారు ముఖం మాడ్చుకోవలసిన పని లేదు.

పరీక్ష ఫలితం ఆ మనిషి అనుమతి లేకుండా మరొకరికి చెప్పడం, హెచ్ఐవి ఉందన్న కారణంగా ఉద్యోగంలోనో బడిలోనో ఆసుపత్రిలోనో వివక్ష చూపడం చట్టవిరుద్ధం. 2017లో చేసిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సందేహాలుంటే 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు, పైసా ఖర్చు కాదు, పేరు చెప్పనక్కరలేదు.

ఈ మాత్రల ధర కథ కూడా మనదే. 2001లో సిప్లా అధినేత యూసఫ్ హమీద్ మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించినప్పుడు విదేశీ కంపెనీల ధర పది వేల డాలర్ల పైనే ఉంది. 2017లో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్రను పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చే ఒప్పందం కుదిరింది. తయారుచేసే రెండు కంపెనీల్లో ఒకటి మన హైదరాబాద్‌కు చెందిన అరబిందో. ప్రపంచంలో, ముఖ్యంగా ఆఫ్రికాలో, లక్షల మంది రోజూ మింగే మాత్ర మన రాష్ట్రాల ఫ్యాక్టరీలలో తయారైనదే.

ఇప్పుడు లెనకపావిర్ అనే కొత్త మందు వచ్చింది. ఇది ఏ ఎంజైమ్‌నూ ముట్టుకోదు. కత్తెర కోసిన ముక్కలతో కట్టిన శంకువునే పట్టుకుంటుంది. ఆరు నెలలకు ఒక ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతులలో ఒక్కరికీ హెచ్ఐవి సోకలేదని 2024లో ఫలితాలు వచ్చాయి. సోకకుండా ముందుగా వాడేందుకు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి దొరికింది. చౌక రకం తయారుచేయడానికి లైసెన్స్ పొందిన ఆరు కంపెనీలలో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు. మన దేశంలో అది ఎవరికి, ఎలా అందాలన్నది ప్రభుత్వం తేల్చవలసిన విషయం. నన్నడిగితే భర్తకు ఉండి భార్యకు లేని ఇళ్ల నుంచి మొదలుపెట్టాలి.

చివరగా, కత్తెర మీదే జరుగుతున్న ఒక పని గురించి చెప్పి ముగిస్తాను. ఇంతవరకూ వచ్చిన ప్రోటియేజ్ మందులన్నీ దాన్ని ఆపాలని చూశాయి. దానికి ఎదురు దారి కూడా ఒకటి ఉంది: కత్తెరను ముందే తెరిపించడం. మొగ్గ తొడగక ముందే, కణం లోపల ఉండగానే ప్రోటియేజ్ సగాలు కలిస్తే గ్యాగ్ అక్కడే ముక్కలైపోతుంది, వైరస్ కణమే కట్టదు. ఎఫావిరెంజ్ ఎక్కువ మోతాదులో అలా ముందుగా కలపగలదని చాలా ఏళ్ల కిందే చూశారు. 2021లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. మన కణాల్లో కార్డ్8 అనే ఒక కాపలా ప్రోటీన్ ఉంది. ముందే తెరుచుకున్న ప్రోటియేజ్ దాన్ని కోస్తుంది, కోత పడగానే ఆ కణం తనను తాను చంపుకుంటుంది, దాంతో పాటు లోపల అతికి ఉన్న వైరస్ రాత కూడా పోతుంది. ఇన్నాళ్లూ ఏ మందుకూ అందని ఆ అతుకును వైరస్ సొంత ఎంజైమ్ చేతనే తీయించవచ్చన్నమాట. అడ్డంకులు చిన్నవి కావు. నిద్రపోయే కణంలో ప్రోటియేజ్ తయారవదు గనుక ముందు దాన్ని లేపాలి, అన్ని కణాలనూ లేపడం ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు. ఎఫావిరెంజ్ కావలసిన మోతాదు కూడా ఒంట్లో సులువుగా అందేది కాదు. అందుకే ఇదే పనిని తక్కువ మోతాదులో చేసే పదార్థాల కోసం వెతుకుతున్నారు. మనిషికి ఇచ్చే మందు ఇంకా దూరం. అది వచ్చేదాకా గూడూరులో అయినా, ఎక్కడైనా, రోజుకు ఒక మాత్ర.